విజయనగరానికి హైదరాబాదు ఎన్ని గంటల దూరం?

1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. తిరుగుదారిలో కలకత్తా, పూరీ, గంజాం మీదుగా మన ఉత్తరాంధ్ర సీమను దాటుకుంటూ దక్షిణానికి నడిచింది ఆయన బృందం. మేనా, బోయీలు, ఊరూరా మజిలీ! ఆమడల్లో దూరాన్ని కొలిచే ఆ కాలంలో గంటల లెక్క ఎవరికీ పట్టేది కాదు.

గంటల్ని తెచ్చింది రైలు. 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పట్టాలు పడ్డాయి. విజయనగరానికి రైలు వచ్చింది గానీ మద్రాసుకు దారి ఇంకా సాఫీ కాలేదు. మధ్యలో గోదావరి ఉంది. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద 1900లో బళ్లు నడవడం మొదలయ్యాకే ప్రయాణికులకు రేవు దాటే బెడద తప్పింది.

హైదరాబాదుకు మాత్రం దారి ఇప్పటికీ వంకరే. తీరం వెంట విజయవాడ దాకా దిగి, అక్కడ మలుపు తిరిగి ఖమ్మం, వరంగల్ మీదుగా ఎక్కాలి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి అది ఒక రాత్రి ప్రయాణం. 2023 జనవరిలో వచ్చిన వందేభారత్ విశాఖ నుంచి సికింద్రాబాదుకు 699 కిలోమీటర్లను సుమారు ఎనిమిదిన్నర గంటలకు కుదించింది. విజయనగరం వాళ్లు విశాఖ దాకా మరో అరవై కిలోమీటర్లు కలుపుకోవాలి.

ఆకాశంలో ఆ వంకర లేదు. విశాఖ నుంచి శంషాబాదు సూటిగా 510 కిలోమీటర్లే. జెట్ విమానం పూర్తి వేగంతో పోతే నలభై నిమిషాల పని. అయినా టికెట్టు మీద గంటా పావు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, దిగడానికి వంతు కోసం చక్కర్లు కొట్టడం అన్నీ అందులోనే. ఎత్తులో పడమటి గాలి ఎదురొస్తే పోయేటప్పుడు ఇంకొన్ని నిమిషాలు. ఇంత చిన్న దూరంలో అసలు ఎగరడం కన్నా ఈ తతంగమే బరువు.

పైగా విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉంది. పెద్ద విమానాలకు సరిపడే పదివేల అడుగుల రన్‌వే 2007లో గానీ రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను టెర్మినల్ పైకప్పునే ఎగరగొట్టింది. పౌర విమానాలకు వేరే చోటు కావాలన్న మాట అలా విజయనగరం జిల్లా భోగాపురం దాకా వచ్చింది. అక్కడ 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023 మే 3న మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఒకే విమానాశ్రయానికి రెండు శిలాఫలకాలు మన రాజకీయాలకే చెల్లు.

భోగాపురంతో లెక్క తిరగబడుతుంది. విజయనగరం నుంచి అది పాతిక కిలోమీటర్ల దూరమే, విశాఖ నగరవాసికే దారి పెరుగుతుంది. అందుకే టికెట్టు మీది గంటా పావును నమ్మకండి. ఇంటి గడప నుంచి విమానం మెట్ల దాకా పట్టే సమయాన్ని ముందు కలుపుకుని, అప్పుడు వందేభారత్‌తో పోల్చి చూడండి.