చేవ కలప దారి: కృష్ణా డెల్టా కొయ్యపని చరిత్రలో సరఫరా సమస్య

తెలుగులో ‘చేవ’ అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి. చెట్టు కాండంలోని గట్టి నడిమిభాగం ఒకటి. మనిషిలోని సత్తువ మరొకటి. ‘చేవగల మనిషి’ అనే వాడుక వడ్రంగి అనుభవం నుంచి పుట్టిన రూపకంగా తోస్తుంది. పురుగు పట్టని, వంకర తిరగని కర్రను గుర్తించడం ఆ వృత్తిలో తొలి విద్య. అయితే ఈ మాట నిత్యవ్యవహారంలో ఉన్న కృష్ణా డెల్టాలో, ఇంటి సామానుకు కావలసిన చేవ కలప చాలావరకు స్థానికంగా పెరిగినది కాదు. అది ఎక్కడి నుంచి, ఏ దారిన, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

డెల్టా నేల వరికి అనువైనది. అక్కడ పెరిగే తాడి, నల్లతుమ్మ, వేప, చింత, మామిడి చెట్లకు వేటి ఉపయోగాలు వాటికున్నాయి. ఇంటి వాసాలకూ దూలాలకూ తాడి, బండి చక్రాలకూ నాగళ్లకూ నల్లతుమ్మ వాడేవారు. ద్వారబంధాలు, భోషాణాలు, పందిరిమంచాలు, ఉయ్యాల బల్లలు చేయించాలంటే మాత్రం టేకు, ఏగిస, జిట్రేగి, నల్లమద్ది వంటివి కావాలి. ఇవి మన్యపు చెట్లు. కనుక డెల్టా గృహస్థు ఇంటి సామాను చరిత్ర గోదావరి కొండల చరిత్రతో ముడిపడి ఉంది.

ఈ ముడి పాతది. 17వ శతాబ్దంలో నరసాపురం ఓడల నిర్మాణానికి పేరుపొందిన రేవు. థామస్ బౌరీ వంటి ఐరోపా యాత్రికులు దానిని ప్రస్తావించారు. ఎగువ అడవులనూ సముద్రాన్నీ కలిపే గోదావరి అందుబాటులో ఉండటం ఆ పరిశ్రమకు అనుకూలించింది. నదిపై కలప రవాణాకు ప్రత్యేక జ్ఞానం అవసరం. పచ్చి టేకు నీటిలో తేలదు, ముందుగా ఆరాలి. నల్లమద్ది వంటి బరువు కర్ర తేలాలంటే వెదురు ఆసరా కావాలి. అందువల్ల తెప్ప కట్టడమన్నది కర్ర గుణం తెలిసినవారి పని.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. ఆర్థర్ కాటన్ దృష్టిలో కాలువలు సాగునీటికే కాక సరుకు రవాణాకు కూడా ఉద్దేశించినవి. ఏలూరు కాలువ గోదావరి, కృష్ణా వ్యవస్థలను కలపడంతో గోదావరి కలప లాకులు దాటుతూ బెజవాడ వైపు సాగగలిగింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు రాజధానిలో చేరాయి. దాంతో కొండ అడవీ, డెల్టా విపణీ ఒకే పాలన కిందికి వచ్చాయి.

మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చింది. రిజర్వు అడవులు, అనుమతి పత్రాలు, రుసుములు ఏర్పడటంతో కలప సరఫరాపై ప్రభుత్వ అధికారం బలపడింది. 1900లో రాజమండ్రి వద్ద గోదావరిపై రైలు వంతెన ప్రారంభమయ్యాక కాలువకు పోటీ దారి ఏర్పడింది. ఈ మార్పులను వ్యాపార సౌలభ్యంగా మాత్రమే చూడటం సరికాదు. పోడుపై ఆంక్షలు, అడవి దారుల పనిలో వెట్టి చాకిరి 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికి కారణాలలో ముఖ్యమైనవి. డెల్టా ఇంట వాడిన కలప విలువలో మన్యం చెల్లించిన ఈ మూల్యం కూడా ఉంది. ధర పట్టీలో అది కనిపించదు.

డెల్టాలోనూ దాని అంచులలోనూ నిలిచిన మూడు వృత్తులు సరఫరా సమస్యను మూడు విధాలుగా చూపుతాయి. పెడన కలంకారీకి అచ్చులు టేకుతో చెక్కుతారు. రంగులో మాటిమాటికి తడిసినా అచ్చు అంచు చెదరకూడదు. అందుకు బాగా ఆరిన కర్ర కావాలి. నూజివీడు వీణకు పనస ముఖ్యం. ఏకాండి వీణ చెక్కడానికి తగిన చుట్టుకొలత రావాలంటే ఆ చెట్టు దశాబ్దాలు పెరగాలి. కొండపల్లి బొమ్మల విషయం దీనికి భిన్నం. అక్కడ కావలసింది చేవ కర్ర కాదు, తేలికైన తెల్లపొణికి. దాన్ని వేడిచేసి తేమ తీసి, చెక్కిన భాగాలను చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ చెట్టు సమీపపు కొండల్లోనే పెరిగినా, నరికినంత వేగంగా తిరిగి పెరగలేదు. కాబట్టి కొరతకు దూరమొక్కటే కారణం కాదు. చెట్టు వయసుకూ విపణి వేగానికీ మధ్యనున్న అంతరం కూడా కారణమే.

సమకాలంలో ఈ అంతరం ఇంకా స్పష్టమైంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవుల నరికివేతనూ కోత మిల్లులనూ కట్టడి చేసింది. 2002 నాటి వాల్టా చట్టం చెట్ల నరికివేతను అనుమతికి లోబరచింది. అడవిని కాపాడటానికి ఇవి అవసరమే. మరోవైపు విదేశీ టేకుపై ఆధారమూ నిలకడైనది కాదని, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించినప్పుడు తేలింది. ఇక చేతివృత్తిదారుకు మిగిలిన దారులు మూడు: ప్రభుత్వ డిపోల వేలం, రైతుల పట్టాభూముల్లోని చెట్లు, కూల్చిన పాత ఇళ్ల కలప. వీటిలో మూడోది తరిగిపోయే నిధి, రెండోదే పెంచుకోగలిగినది.

కలప పేర్ల విషయం తెలుగు పరిశోధనకు నేరుగా సంబంధించింది. ‘బర్మా టేకు’ వంటి పేరు సరుకు పుట్టుచోటును చెబుతుంది. ‘ఏగిస’, ‘జిట్రేగి’, ‘నల్లమద్ది’ అన్న పేర్ల వెనుక రంగు, బరువు, పనితనం గురించిన జ్ఞానం ఉంది. కర్ర పని నుంచి తప్పుకుంటే పేరు నిఘంటువులో మిగలవచ్చు గాని, దానిని గుర్తుపట్టే చేయి మిగలదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను క్షేత్రం నుంచే సేకరించింది. కలప పదాలను కూడా అదే పద్ధతిలో, ఏ కర్ర ఏ దారిన వచ్చింది, ఏ పనికి వాడారు అన్న వివరాలతో కలిపి నమోదు చేయవలసి ఉంది. పెడన, నూజివీడు, కొండపల్లి వృత్తిదారులు పనిలో ఉండగానే ఆ సేకరణ జరగాలి.