బస్తర్‌లో తారు రోడ్డు కాంక్రీటు రోడ్డు ఎందుకైంది?

అంతర్గత భద్రత ప్రశ్న వస్తే 'రోడ్ల నిర్మాణం' అని ఒక పాయింటు రాసి ముందుకు పోతాం. ఆ రోడ్డు దేనితో వేశారో రాయం. బస్తర్ విషయంలో అసలు కథ అక్కడే ఉంది.

ముందు కాస్త ఇంజినీరింగ్. తారు రోడ్డులో గట్టిపరిచిన మట్టి మీద కంకర పొరలు, అన్నిటికంటే పైన తారు కలిపిన కంకర ఉంటాయి. కాంక్రీటు రోడ్డులో పైనున్న పలకే బరువును వెడల్పుగా పంచుతుంది. ఏది వేయాలో మామూలుగా రద్దీ, నేల స్వభావం, ఖర్చు తేలుస్తాయి. సుక్మా జిల్లాలో ఇంకో లెక్క కలిసింది. తారు పొరను తవ్వి మందుపాతర పెట్టి మళ్లీ కప్పేస్తే గుర్తుపట్టడం కష్టం. కాంక్రీటును పగలగొడితే అతుకు కనబడుతుంది. దోర్నపాల్–జగర్‌గుండ రోడ్డును కాంక్రీటుతో వేయడానికి ఇదే ముఖ్య కారణం.

కానీ కాంక్రీటుకు రోజుల తరబడి నీళ్లు పట్టాలి. పని నెమ్మదిస్తే కాపలా కాలం పెరుగుతుంది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర, ఆ రోడ్డు పనికి కాపలా ఉన్న 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మావోయిస్టుల దాడిలో చనిపోయారు. అంతకు నాలుగు నెలల ముందే, 2016 డిసెంబరులో, కేంద్రం 44 జిల్లాలకు 5,400 కిలోమీటర్లకు పైగా రోడ్ల పథకాన్ని ఆమోదించింది. మీరు నోట్సులో రాసుకునే అంకె అదే.

పై పొర మారినంత మాత్రాన ముప్పు పోదు. 2023 ఏప్రిల్‌లో దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర పేలుడులో 10 మంది పోలీసులు, వాహన డ్రైవరు మరణించారు. రోడ్డు పక్క నుంచి కిందికి సొరంగంలా తవ్వి పేలుడు పదార్థం పెట్టారని పోలీసులు చెప్పారు.

ఇంకో ముప్పు నాణ్యతది. బీజాపూర్ జిల్లాలో ఒక రోడ్డు పనిలోని లోపాలను వెలుగులోకి తెచ్చిన పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ మృతదేహం 2025 జనవరి 3న సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడిగా ఒక కాంట్రాక్టరును పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు.

కాబట్టి మెయిన్స్‌లో కిలోమీటర్ల దగ్గర ఆగకండి. జవాన్లు ప్రాణాలొడ్డి కాపాడిన రోడ్డు నాసిరకంగా ఉంటే మొదటి వానలకే గుంతలు పడుతుంది, అంబులెన్సు మళ్లీ ఊరి బయటే ఆగిపోతుంది. భద్రతా బలగాలతో పాటు నాణ్యతా తనిఖీ, గ్రామసభ సామాజిక తనిఖీ, నిజం రాసే విలేకరికి రక్షణ కూడా ఉండాలని రాయండి. ఈ మూడూ మీ జవాబులో 'ముందున్న మార్గం'.