మడతకత్తి పుట్టుపూర్వోత్తరములు

మల్కాజ్‌గిరి ఆనంద్‌బాగ్ వీథులలో మధ్యాహ్నవేళ స్కూటర్లపై వచ్చు కుర్రవాండ్రు గుమ్మముల చెంత దింపిపోవు అట్టపెట్టెలలో చీరలు, సెల్‌ఫోను కవర్లు, పిల్లల బొమ్మలతోపాటు మడతకత్తులు కూడ ఉండుట ఇప్పుడెవరికిని వింత కాదు. తెరమీద తళతళలాడుచు జానెడు పొడవున కనబడి, చేతికి వచ్చుసరికి బెత్తెడై కూర్చుండు ఈ రెండు మూడు వందల రూపాయల వస్తువు వెనుక సుమారు రెండువేల ఐదువందల యేండ్ల చరిత్ర కలదు. అందొక ముఖ్యఘట్టము మల్కాజ్‌గిరి స్టేషనులో రైలెక్కి, సఫిల్‌గూడ, బొల్లారము, మేడ్చల్ దాటి, కామారెడ్డి మీదుగా పోయి చేరదగిన నిజామాబాదు సీమలోనే జరిగినది. ఆ ఘట్టమునకు వచ్చుటకు ముందు కత్తి మడతపడిన వైనము చెప్పవలెను.

ఒరలో పెట్టిన కత్తి నడుమున వ్రేలాడి ధరించినవాని దర్పమును చాటును. పిడినే ఒరగా చేసికొన్న కత్తి మూటలోనో జేబులోనో దాగి బాటసారికిని వ్రాయసకానికిని ఊడిగము చేయును. ఇట్టి కత్తులలో మిక్కిలి ప్రాచీనమైనదిగా చెప్పబడునది ఆస్ట్రియా దేశపు హాల్‌స్టాట్ ప్రాంతమున దొరికినది. ఎముకపిడి గల ఆ కత్తి క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దము నాటిది. రోమనులు దీనిని విలాసవస్తువుగా మార్చిరి. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియమున నున్న మూడవ శతాబ్దపు వెండి పనిముట్టులో చెంచా, ఫోర్కు, ముల్లు మొదలగునవి కత్తితోపాటు ఒకే పిడిలోనికి మడతపడును. వెండి నిలిచినది గాని ఇనుప అలుగును తుప్పు తినివేసినది. మన దక్షిణదేశమున తాటాకులపై వ్రాసిన కాలమున ఆకు అంచులు సరిచేయుటకు కత్తియు, అక్షరములు గీయుటకు గంటమును లేఖకుని వెంట ఉండవలసినవే కావున, ఆ రెంటిని ఒకే పిడిలోనికి మడచునట్లు చేసిన పనిముట్లు పుట్టినవి. అట్టివి నేటికిని మ్యూజియములలో కనిపించును. పడమటి దేశములందు ఈకకలము ముక్కు చెక్కుటకును, ఇక్కడ తాటాకు అంచు కోయుటకును, రెండుచోట్లను మడతకత్తి వ్రాతగాని చేతినే ఆశ్రయించుట నాకు ముచ్చట గొలుపును. ఈ వ్రాతకత్తులతో పోల్చినచో పోట్లాటలకు పేరుపడిన రాంపురీ చాకు, హిందీ సినిమాలలో అది చేసిన వీరవిహారము, ఇవన్నియు చాల వెనుకటి ముచ్చటలు కావు.

ఆ తొలినాటి కత్తులకెల్ల లోపమొకటి గలదు. అలుగును పిడికి కూర్చిన శీల బిగువే దానిని నిలబెట్టవలెను. శీల వదులైనచో కత్తి కోయువాని వ్రేళ్ళమీదికే ముడుచుకొనును. పదునేడవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇంగ్లండులోని షెఫీల్డు పనివారు పిడి వీపున ఉక్కుబద్ద నొకదానిని స్ప్రింగుగా అమర్చి, అలుగు మొదలును చదునుగా తీర్చి, తెరచినప్పుడును మూసినప్పుడును ఆ బద్ద దానిని అదిమిపట్టునట్లు చేయుటతో మడతకత్తి నిజముగా నమ్మదగిన పనిముట్టయ్యెను. ఆ ఊరి కత్తులవారి సంఘము 1624లోనే పార్లమెంటు చట్టముచే ఏర్పడి, పనివారికి ముద్రలు నిర్ణయించి నమోదు చేయుచుండెను. అలుగు మొదట కొట్టిన ఆ చిన్న గుర్తును చూచి, చేసినవాని మొగ మెరుగని దూరదేశస్థుడు సైతము ధైర్యముగా కొనెడివాడు.

ఇక మన సీమ మాట. 1795లో డాక్టరు జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున ఒక చిన్న కలముకత్తి ప్రస్తావన వచ్చును. బొంబాయి నుండి డాక్టరు హెలీనస్ స్కాట్ పంపిన భారతీయపు ఉక్కుతో, సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బాంక్స్ కోరికపై, స్టోడార్ట్ అను నేర్పరియైన పనివాడు దానిని తీర్చగా, అది మేలిరకపు ఉక్కుకత్తులకు తీసిపోదని తేలినది. తరువాత ఆ స్టోడార్టుతోనే కూడి, కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే ఈ ఉక్కు గుట్టు విప్పుటకు పూనుకొనెను. ఇటువంటి ఉక్కు తెలంగాణమున తయారగుట కన్నులార చూచి వ్రాసినవాడు మహాత్రికోణమితి సర్వేలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా నుండిన హెన్రీ వాయిసీ. ఆయన 1824లో మరణింపగా ఆ వ్రాత 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వెలువడెను. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున కమ్మరులు రెండుచోట్ల ఇనుములను తగుపాళ్ళ కలిపి, మట్టిమూసలలో నుంచి మూతవేసి, ఒక పగలును ఒక రాత్రియు తిత్తులతో ఊది, చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి ఉక్కుబిళ్ళను తీసి, మరల మట్టి పూసి పలుమార్లు కాచి దాని పెళుసుదనమును పోగొట్టెడివారు. ఈ వర్ణనలో నా కన్నిటికంటె ఆసక్తి గొలుపువాడు కొనుగోలుదారు. ఇస్ఫహాను నుండి వచ్చిన పారశీక వర్తకుడు కొలిమి కడనే యుండి, పాళ్ళు తూచుట స్వయముగా చూచుకొని, బిళ్ళబిళ్ళను తానే పరీక్షించి మరి పుచ్చుకొనుచుండెను. సరుకు పుట్టుచోటనే కొనువాడు కాపురముండుటకు మించిన పూచీ యేమి యుండగలదు! 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థవారును, ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును కూడి ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి చూచినప్పుడు, ఆ కొలిముల మూసపెంకులును చిట్టెపు దిబ్బలును పొలములలో ఇంకను మిగిలియే యుండెను.

పందొమ్మిదవ శతాబ్దపు భారీ ఉక్కు కర్మాగారముల ముందు మూసకొలుములు నిలువజాలకపోయినవి. తరువాతి కథను నాలుగు మాటలలో చెప్పవచ్చును: 1890లో ఫ్రాన్సు దేశపు సవోయి సీమలో జోసెఫ్ ఓపినెల్ కొయ్యపిడి కత్తిని మొదలుపెట్టెను, 1891లో స్విస్ సైనికులకు మడతకత్తులు వచ్చినవి, వాని తొలివిడత మాత్రము జర్మనీలోని జోలింగెన్‌లో తయారయ్యెను, 1913లో షెఫీల్డువాడే యైన హారీ బ్రియర్లీ క్రోమియము కలిసిన, తుప్పు పట్టని ఉక్కును కనుగొనెను, 1955లో ఓపినెల్ కత్తి మెడకు తిప్పి బిగించు కట్టు వచ్చెను, 1980 తరువాత, పిడి లోపలి లోహపురేకునే చీల్చి వంచి, తెరచిన అలుగు వెనుకకు అది తానై వచ్చి అడ్డుపడునట్లు చేయు తాళము అమెరికాలో రూపుదిద్దుకొని లోకమంతట వ్యాపించెను. ఇప్పుడు చౌకకత్తులకు పెట్టిన పేరు చైనా దక్షిణతీరమున గల యాంగ్‌జియాంగ్ పట్టణము.

ఈ చౌకకత్తులలో కొన్నిటిమీద అలల వంటి రేఖలుండి, ప్రక్కన ‘డమాస్కస్’ అను మాట ఉండును. కోనసముద్రపు బిళ్ళలు పారశీకమున కత్తులై సాగినప్పుడు అలుగుమీద తమంత తామే తేలివచ్చిన రేఖలకు ఇవి అనుకరణము. నేటి ఖరీదైన కత్తులలో రెండు జాతుల ఉక్కును పొరలు పొరలుగా అతికి ఆ చారలు రప్పింతురు, చౌకవానిలో లేసరుతో పైపైన గీయుదురు. తెలియుట కష్టము కాదు. అలుగు వీపును, వాదర కడను పరకాయించి చూడవలెను: పొరలు నిజమైనచో చారలు వీపుమీదికి కూడ ఎక్కి సాగును, గీసినవైనచో అంచు దగ్గర తెగిపోయి వీపు బోసిగా నుండును. అమ్మువాడు వీపు ఫోటో ఒక్కటియు పెట్టకపోయెనా, అదియే సమాధానము.

ఉక్కు విషయమున కూడ వ్రాసినదానికంటె వ్రాయనిదానినే ఎక్కువగా చదువవలెను. ‘స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రము వ్రాసి ఊరకున్నచో అది మెత్తని రకమని అనుకొనుట క్షేమము. ‘440’ అని అంకె వేసి అక్షరము మింగుట మరియొక చమత్కారము. ఏలయన 440ఏ, 440బీ, 440సీ అని అందు మూడు తరగతులు గలవు, కర్బనము ఎక్కువగా నుండి పదును నిలుపునది చివరిది. చైనా రకములలో 3సీఆర్13 అనినచో కర్బనము నూటికి సుమారు 0.3 వంతు, 8సీఆర్13 ఎంఓవీ అనినచో 0.8 వంతు, మొదటిది నూరుట తేలిక, మొద్దుబారుటయు తేలికయే. గట్టిదనమును తెలుపు రాక్‌వెల్ కొలతలో 56 చుట్టుప్రక్కల నున్న కత్తి మామిడికాయకును తాటిత్రాటికిని చాలును. అంతకు మించి ఈ వెలలో ఆశించుట అత్యాశ.

ఐనను నా దృష్టిలో చౌకకత్తి మంచిచెడ్డలు తేలునది ఉక్కు కడ కాదు, కీలు కడ. పేరుగల ఉక్కును టోకుగా కొని తెచ్చుట ఎవరికైనను సాధ్యమే. శీలను నిండుగా బిగించి, అలుగు రెండు రేకుల నడుమ నిలువున పడునట్లు కూర్చుటకు పనివాని చేయి కావలెను. ఆ చేతికి పట్టు కాలమునే చౌకసరుకు చేయువాడు మొదట తగ్గించును. కనుక పెట్టె విప్పిన నాడే కత్తిని మూసి, నెత్తిమీదనుండి చూడవలెను: అలుగు ఒక ప్రక్కకు ఒరిగి రేకును రాచుకొనుచున్నదా? తెరచి, వీపును బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను పట్టి అటునిటు ఊపినచో టిక్కుమను చప్పుడు వచ్చుచున్నదా? మరమేకును కొంచెము బిగింపగా ఆ చప్పుడు పోయిన సరే. బిగించినంతలో అలుగు కదలక మొరాయించి, వదలినంతలో మరల ఊగినచో కీలు రంధ్రమే పెద్దదని గ్రహింపవలెను. తాళపురేకు అలుగు మొదలును నిండుగా తాకుచున్నదా, అంచును మాత్రమే ముట్టుకొని నిలిచినదా అని వెలుతురులో చూడవలెను. పిమ్మట వ్రేళ్ళు దారిలో లేకుండ పిడిని పట్టుకొని, అలుగు వీపును బల్లచెక్కకు మెల్లగా తాటింపవలెను. ఆ పాటి దెబ్బకే తాళము జారు కత్తిని ఎంత చౌకయైనను ఇంట నుంచరాదు.

పిడి చివర కారు అద్దము పగులగొట్టు మొన, సీటుబెల్టు కోయు కొక్కెము, చిన్న టార్చి, ఇన్ని హంగులు గల కత్తిని వరండాలో కూర్చుండి జామకాయలు కోసికొనుటకు కొనువారిని చూచినచో నవ్వు వచ్చును గాని, అమ్మకము జరుగునది ఆ హంగులవల్లనే. అదే వెలకు తాళము కూడ లేని సాదా స్ప్రింగుకత్తి, కొయ్యపిడితో దొరకినచో నేను దానికే ఓటు వేయుదును.

2020 నాటి ఇ-కామర్స్ నియమములను బట్టి విదేశపు సరుకైనచో అది పుట్టిన దేశము పేరు అమ్మకపు పుటలో ఉండితీరవలెను. అది చూచుకొనుట మంచిది. ఆయుధముల నియమములలో లెక్కకు వచ్చునది, ఇంటిపనికిని సేద్యమునకును ఉద్దేశింపబడినవి మినహా, 9 అంగుళముల పొడవును గాని 2 అంగుళముల వెడల్పును గాని మించిన అలుగు. జేబుకత్తు లా దరిదాపులకు పోవు. విమానము నెక్కునాడు మాత్రము దానిని చేతిసంచిలో మరచిపోరాదు.

కీలుకు కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలును. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిడ్డుకట్టి దుమ్మును పట్టును. కర్మాగారము పెట్టి పంపిన పదును చక్రముమీద తొందరలో పెట్టినది, దానిని బట్టి ఉక్కును మెచ్చుకొనుటయు తిట్టుటయు న్యాయము కాదు. ఆ పదును పోయి, ఇంటిలో సానరాతిమీద మరల నూరి, కొన్నాళ్ళు వాడిన తరువాతనే ఉక్కు గుణము బయటపడును. తిరిగి పంపుటకు అమ్మువా డిచ్చిన గడువు సామాన్యముగా ఆలోగానే ముగియును.