రాబందు మరలి రావలెనన్న

సీతమ్మను విడిపించబోయి జటాయువు నేలకూలిన చోటు లేపాక్షి అన్న కథ పావగడ తాలూకాలోని తెలుగు ఇండ్లలో అందరెరిగినదే. ఆ జటాయువు జాతిని మనము రాబందు అందుము, కన్నడములో రణహద్దు అందురు. నేటి పిల్లలకు రెండు పేర్లును వచ్చును గాని, పక్షిని చూచినవారు అరుదు.

ఊరి వెలుపల వేసిన కళేబరమును కొన్ని గంటలలో ఎముకలగూడుగా మిగిల్చెడి ఈ పక్షులు 1990 దశకమున దేశమంతటా రాలిపోయినవి. 1992 నుండి 2007 లోపల తెల్లవీపు రాబందులు వేయింట ఒక్కటి మాత్రమే మిగిలినది. కారణము 2004లో తేలినది: పశువుల నొప్పికి, వాపునకు వేయు డైక్లోఫెనాక్ సూదిమందు. అది నిలిచియున్న మాంసమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి కొద్ది దినములలో మరణించును. కేంద్ర ప్రభుత్వము 2006లో పశువైద్యమున ఈ మందును నిషేధించినది. అయినను మనుషుల కొరకు అమ్ము పెద్ద సీసాలు కొట్టములకు చేరుచుండెను. అందుచే 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు పరిమితము చేసిరి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను సైతము పశువులకు వాడరాదని 2023లో ఉత్తర్వు వెలువడినది.

పోయిన పక్షిని మరల తెచ్చు పని హర్యానాలోని పింజోరులో సాగుచున్నది. ఆ కేంద్రమునకు జటాయువు పేరే పెట్టిరి. అచట పెరిగిన తెల్లవీపు రాబందులను 2020లో ఆకాశమునకు వదిలిరి. 2024లో మహారాష్ట్రలోని పెంచ్, తాడోబా అడవులకును పక్షులను పంపిరి. వదలుటకు ముందు పెద్ద పంజరములో ఉంచి ఆ చోటికి అలవాటు చేయుదురు. ఆడపక్షి ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టును, పిల్ల ఈడుకు వచ్చుటకు అయిదేండ్లు పట్టును. కోళ్లఫారము లెక్క ఇచట చెల్లదు.

మనకు దగ్గరగా రామనగరలోని రామదేవర బెట్ట ఉన్నది. షోలే చిత్రములో కనిపించు రాళ్లగుట్టలు అవియే! అచటి 346 హెక్టార్లను 2012లో రాబందుల అభయారణ్యముగా ప్రకటించిరి. పొడుగుముక్కు రాబందు అటువంటి నిటారు బండలపై గూడు పెట్టును. మన నిడగల్లు వైపునను రాతికొండలకు కొదువ లేదు. అయితే రాబందు తిండికై దినమునకు నూరు కిలోమీటర్లు దాటియు ఎగురగలదు, గూటికి కంచె వేసినంతనే దాని తిండికి కాపుదల కలుగదు.

కనుక ఆవుకో ఎద్దుకో వాపు, జ్వరము వచ్చినపుడు మెలాక్సికామ్ వేయుమని పశువైద్యుని అడుగుడు. అది రాబందులకు హాని చేయదని పరీక్షలలో రుజువైనది. మందుల అంగడిలో మనుషుల డైక్లోఫెనాక్ కొని పశువుకు వేయించరాదు. ఆ సూది పడిన పశువు కొద్ది దినములలో చనిపోయినచో, బయట పారవేయక లోతుగా పూడ్చవలెను.