మూసిన దారి ఖర్చు ఎవరి ఖాతాలో?

ఒక రైలు మార్గం విద్యుదీకరణ చరిత్ర రాయమంటే చాలామంది నాలుగు సంగతులతో సరిపెడతారు: ఎంత దూరం తీగ లాగారు, ఎన్ని వోల్టుల కరెంటు ఇచ్చారు, ఎంత ఖర్చయింది, ఏ తేదీన మొదటి బండి కదిలింది. ఆ తీగ లాగుతున్నన్ని నెలలూ ఆ దారినే నమ్ముకున్నవాళ్లు పనులకు ఎలా వెళ్లారో, రోజుకు ఎంత పొద్దు రోడ్ల మీద పోగొట్టుకున్నారో ఆ చరిత్రల్లో కనబడదు. లండన్ నగరపు ఉత్తర, తూర్పు పేటలను కలిపే గోస్పెల్ ఓక్ - బార్కింగ్ మార్గం కథ ఈ లోటును బాగా పట్టిస్తుంది. 2016 జూన్ నుంచి 2018 జనవరి లోపల ఆ దారిని రెండు విడతలు మూశారు. మొదటిసారి తెరిచినప్పుడు పని పూర్తి కాలేదు గనుకే రెండోసారి మూయాల్సి వచ్చింది. కరెంటు పని కోసం దారి మూయడం తప్పు కాదు. పని పూర్తిగా సిద్ధం కాకముందే మూయడం తప్పు. అలా మూసినప్పుడు ప్రయాణికుడు పోగొట్టుకున్న కాలం ఏ ఖాతాలోనూ ఖర్చుగా పడదు గనుకే ఆ తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఈ మార్గం చరిత్ర నుంచి నేను తేల్చదలచుకున్న విషయం ఇదే.

ముందుగా ఈ దారి పుట్టుక చూడాలి. టాటెన్‌హామ్ - హాంప్‌స్టెడ్ జంక్షన్ రైల్వే 1868లో మొదలైంది. 1894లో టాటెన్‌హామ్ - ఫారెస్ట్ గేట్ రైల్వే దానికి తూర్పువైపు కలిసింది. ఈ రెండూ అతుక్కుని పన్నెండు స్టేషన్ల అడ్డదారి అయ్యింది. నష్టాల దారులను మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదికలో దీని పేరూ ఉంది. స్థానికులు ఒప్పుకోలేదు, గట్టిగా ఎదురు నిలిచి దారిని దక్కించుకున్నారు. ఆ పోరాటం నాటి ప్రయాణికుల సంఘం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు రైల్వేవారి వెంటపడి పనులు చేయించుకుంటూ వచ్చింది. 1981లో పడమటి కొసను కెంటిష్ టౌన్ నుంచి గోస్పెల్ ఓక్‌కు మార్చారు. 2007లో నగర రవాణా సంస్థ చేతికి వచ్చి లండన్ ఓవర్‌గ్రౌండ్‌లో భాగమయ్యాక దశ తిరిగింది. 2010లో కొత్త డీజిల్ బండ్లు వచ్చాయి, తర్వాత పావుగంటకో బండి నడిచింది. జనం పెరిగారు గానీ బండికి రెండు పెట్టెలే. పొద్దుట, సాయంత్రం కాలు పెట్టే చోటు ఉండేది కాదు. అంటే 2016లో రైల్వేవారు మూసింది ఎవరూ ఎక్కని దారిని కాదు. యాభై ఏళ్ల కింద ప్రయాణికులు నిలబెట్టుకున్న దారిని, కిక్కిరిసి నడుస్తున్న దారిని.

ఈ దారి మూతపడితే కలిగే నష్టం మిగతా దారులకు కలిగే నష్టం లాంటిది కాదు. లండన్ రైళ్లు చాలా వరకు శివారు నుంచి నగర మధ్యానికి వెళ్లేవి. ఇది మాత్రం ఒక శివారు నుంచి ఇంకో శివారుకు అడ్డంగా పోతుంది. లేటన్‌స్టోన్ నుంచి క్రౌచ్ హిల్‌కు వెళ్లాలంటే బండి లేని రోజున ఉన్న దారులు రెండే. ఒకటి, నగర మధ్యంలోకి వెళ్లి మళ్లీ బయటికి రావడం. అలా మధ్య మండలం మీదుగా వెళితే ఛార్జీ ఎక్కువ. రెండోది, బస్సు. ఆ పేటల మధ్య అడ్డంగా పోయే రోడ్లు ఇరుకు, ఆఫీసు వేళల్లో అసలే నిండుగా ఉంటాయి. పట్టాల మీద వెళ్లేది ట్రాఫిక్ సిగ్నళ్ల దగ్గర ఆగదు. బస్సు ప్రతి కూడలిలో ఆగుతుంది. తెలుగువారు సహా దక్షిణ భారతీయులు ఎందరో కాపురముంటున్న ఈస్ట్‌హామ్ ఈ మార్గంలోని బార్కింగ్‌కు పక్కనే ఉంది. అక్కడి నుంచి ఉత్తర లండన్ ఆసుపత్రులకో, దుకాణాలకో షిఫ్టు పనికి వెళ్లేవాళ్లకు ఈ అడ్డదారి ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు. గంటల లెక్కన కూలి తీసుకునేవారికి ఆలస్యమంటే జీతంలో కోత.

ఇంతకీ మూయాల్సిన అవసరం నిజంగా ఉందా? ఉంది. 2013 జూన్‌లో ప్రభుత్వం ఈ మార్గం విద్యుదీకరణకు 11.5 కోట్ల పౌండ్ల పథకాన్ని ప్రకటించింది. కరెంటు వస్తే నాలుగు పెట్టెల బండ్లు నడపవచ్చు, పొగ తగ్గుతుంది, థేమ్స్ ఒడ్డు రేవుల నుంచి వచ్చే గూడ్సు బండ్లకూ డీజిల్ ఇంజన్ల మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. అయితే 25 వేల వోల్టుల తీగకూ, పైన ఉన్న వంతెనకూ, కింద బండి కప్పుకూ మధ్య ఖాళీ ఉండాలి. విక్టోరియా రాణి కాలంలో ఆవిరి బండ్ల కోసం కట్టిన వంతెనల కింద ఆ ఖాళీ లేదు. కొన్ని వంతెనలు పగలగొట్టి ఎత్తుగా కట్టాలి, కొన్నిచోట్ల పట్టాలను కిందికి దించాలి, ఇటుక కమానుల మీద నడిచే భాగంలో స్తంభాలు నిలబెట్టాలి, ప్లాట్‌ఫారాలు పొడిగించాలి. ఇవన్నీ రాత్రి నాలుగు గంటల వ్యవధిలో చేసే పనులు కావు. పట్టాల కింది నేల తవ్వినచోట తెల్లవారేసరికి బండి నడపలేరు.

జరిగినది ఇది. 2016 జూన్ 4న పని మొదలుపెట్టి తూర్పు సగాన్ని, అంటే సౌత్ టాటెన్‌హామ్ - బార్కింగ్ భాగాన్ని, మూశారు. వారాంతాల్లో దారి మొత్తం మూత. సెప్టెంబరు చివర నుంచి అన్ని రోజులూ మొత్తం మూశారు. ఎనిమిది నెలల పైచిలుకు తర్వాత 2017 ఫిబ్రవరి 27న తెరిచినప్పుడు వచ్చినవి అవే రెండు పెట్టెల డీజిల్ బండ్లు. సామగ్రి ఆలస్యంగా చేరిందనీ, తీగ మోసే కొన్ని నిర్మాణాల డిజైను తప్పడంతో అనుకున్న చోట నిలబెట్టలేకపోయామనీ పట్టాల యజమాని నెట్‌వర్క్ రైల్ ఒప్పుకుంది. మిగిలిన పని కోసం మళ్లీ వారాంతపు మూతలు వచ్చాయి. ఆపై 2017 నవంబరు 18 నుంచి 2018 జనవరి 14 దాకా మరో ఎనిమిది వారాలు దారి మూసే ఉంది. క్రిస్మస్ సెలవులను కలుపుకొని వేసిన ఈ రెండో మూతకు కారణం పని పెద్దది కావడం కాదు. మొదటి మూతలో జరగాల్సినది జరగకపోవడమే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. పూర్తిగా మూసి ఒక్కసారిగా చేస్తేనే పని చవకగా, కార్మికులకు ప్రమాదం లేకుండా, త్వరగా అవుతుందని ఇంజనీర్లు అంటారు. వారి మాట నిజమే. దానికి రుజువు అదే ఏడాది గ్లాస్గోలో ఉంది. ఎడిన్‌బరో - గ్లాస్గో మార్గ విద్యుదీకరణ పథకంలో భాగంగా క్వీన్ స్ట్రీట్ స్టేషన్ సొరంగాన్ని 2016 మార్చి 20 నుంచి ఇరవై వారాలు మూసి, దాదాపు 1,800 మీటర్ల కాంక్రీటు పట్టాల దిమ్మెను మార్చి, ఆగస్టులో చెప్పిన గడువుకే తెరిచారు. ఆ ఇరవై వారాలూ బండ్లను అదే స్టేషన్ దిగువ ప్లాట్‌ఫారాలకూ, సెంట్రల్ స్టేషన్‌కూ మళ్లించారు. ప్రయాణం ఎక్కువసేపు పట్టినా ప్రయాణికుడు పట్టాల మీదే ఉన్నాడు. కాబట్టి పూర్తి మూతకు నేను వ్యతిరేకిని కాను. గ్లాస్గోలో మూసే నాటికి ఏం చేయాలో తెలుసు, చేయడానికి కావలసినవి చేతిలో ఉన్నాయి. లండన్‌లో మూసే నాటికి కొన్ని డిజైన్లే సరిగా లేవు. మూత వ్యవధిని నిర్ణయించేది పార పట్టినవాడి వేగం కంటే మూతకు ముందు జరిగిన తయారీ.

రెండో ఆక్షేపణ: నూటపాతికేళ్ల నాటి దారి కింద ఏముందో ముందే ఎవరు చెప్పగలరు? ఇందులోనూ నిజం ఉంది. వాల్తమ్‌స్టో దగ్గర పట్టాలు దించబోతే లెక్కల్లో లేని మురుగు కాలువ బయటపడింది. భూమిలో దాగినదానికి ఎవరినీ నిందించలేం. అయితే సామగ్రి రాక, స్తంభం డిజైను భూమిలో దాగినవి కావు. అవి కాగితం మీద, గోదాములో సరిచూసుకోగలిగినవి. పైగా పాత దారిలో అనుకోనివి ఎదురవడం ఖాయమని అందరికీ తెలిసినప్పుడు, ముందుగా తవ్వి చూడటం, గడువులో వెసులుబాటు ఉంచడం ప్రణాళికలో భాగం కావాలి. అనుకోనిది జరిగిన ప్రతిసారీ దాని భారం గుత్తేదారు, రైల్వే, ప్రభుత్వం పంచుకునే ఒప్పందాలు ఉంటాయి. ప్రయాణికుడి పేరు మాత్రం ఆ ఒప్పందంలో ఉండదు. అతని భాగానికి వచ్చేది మరో రెండు నెలల బస్సు.

మూడో ఆక్షేపణ అన్నిటికంటే బలమైనది: చివరికి మేలు జరిగింది కదా? చరిత్ర ఈ మాటను చాలాసార్లు సమర్థించింది. లండన్ యూస్టన్ నుంచి మాంచెస్టర్, లివర్‌పూల్‌లకు పోయే పశ్చిమ తీర ప్రధాన మార్గాన్ని విద్యుదీకరిస్తున్న కాలంలో బండ్లు నెమ్మదించాయి, దారి మళ్లాయి. బర్మింగ్‌హామ్ ప్రయాణికులు ఎందరో ఆ రోజుల్లో పాడింగ్టన్ మీదుగా వెళ్లారు. 1966లో కరెంటు బండ్లు పూర్తి స్థాయిలో మొదలయ్యాక జనం వెల్లువెత్తారు. గోస్పెల్ ఓక్ దారిలోనూ ఇప్పుడు నాలుగు పెట్టెల కరెంటు బండ్లు నడుస్తున్నాయి. అయితే ఆ మేలు ఎప్పుడు అందిందో కూడా చూడాలి. కొత్త బండ్లు సాఫ్ట్‌వేర్ చిక్కులతో ఆలస్యమై 2019 మే 23న గానీ పట్టాలెక్కలేదు. ఈలోగా అద్దె గడువు తీరి డీజిల్ బండ్లు వెళ్లిపోవడంతో ఆ వసంతంలో పావుగంటకో బండి కాస్తా అరగంటకో బండి అయ్యింది. ఇంగ్లండ్ - వేల్స్ రైలు మార్గంలోనూ ఇదే జరిగింది: అక్కడి సెవెర్న్ సొరంగాన్ని 2016 శరదృతువులో ఆరు వారాలు మూసి, రైళ్లను గ్లాస్టర్ మీదుగా మళ్లించి సామగ్రి బిగించారు; అందులోంచి కరెంటు బండ్లు నడిచింది 2020లో. మేలు చివరికి వస్తుందన్న మాట ఆ మధ్యకాలపు నష్టాన్ని రద్దు చేయదు. ఆ నష్టాన్ని వెల కట్టవచ్చని గోస్పెల్ ఓక్ దారిలోనే రుజువైంది. బండ్ల ఆలస్యానికి పరిహారంగా తయారీదారు సొమ్ముతో 2019 ఆగస్టు 31 నుంచి నెల రోజులు ప్రయాణం ఉచితం చేశారు. బండి ఆలస్యానికి వెల ఉన్నప్పుడు దారి మూతకు ఎందుకు ఉండదు?

మన దేశంలో విద్యుదీకరణ ఎక్కువగా మరో పద్ధతిలో జరిగింది. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి వీటీ - కుర్లా మధ్య మొదటి కరెంటు బండి నడిచిన నాటి నుంచి మన రైల్వే చాలావరకు బండ్లు నడుస్తుండగానే, బ్లాకులు తీసుకుంటూ, అంటే కొన్నేసి గంటలు రాకపోకలు ఆపుతూ, తీగ లాగింది. నెలల తరబడి దారి మూసింది ముఖ్యంగా గేజ్ మార్పిడికే. అక్కడ పట్టాల వెడల్పే మారుతుంది గనుక వేరే దారి లేదు. ఇది మెరుగైన పద్ధతని అనిపించవచ్చు. కానీ బ్లాకు పద్ధతి కూడా ఖర్చును తీసేయదు, చిన్న ముక్కలుగా పంచుతుంది. పాక్షిక రద్దు, దారి మళ్లింపు అన్న ప్రకటనలు మన తెలుగు జిల్లాల ప్రయాణికులకు కొత్త కాదు. ముంబై లోకల్ మార్గాలను 1,500 వోల్టుల డీసీ నుంచి 25 వేల వోల్టుల ఏసీకి మార్చిన పని 2016 ఏప్రిల్‌లో హార్బర్ లైన్‌తో ముగిసింది. ఆ ఏడాది జనవరిలోనే, తీగకు ఎత్తు చాలని పాత హాంకాక్ వంతెనను ఒకే పెద్ద బ్లాకులో పడగొట్టారు. రైళ్లకు ఒక్క రోజు అంతరాయమే. వంతెన దాటే జనానికి మాత్రం ఏళ్ల తరబడి దారి లేకుండా పోయింది. రైల్వే లెక్కలో అది ఒక రోజు పని; ఆ పేట లెక్కలో అది ఏళ్ల పని.

కాబట్టి చేయవలసినవి మూడు. డిజైన్లు ఆమోదం పొంది, సామగ్రి గోదాములోకి చేరాకే మూత తేదీ ప్రకటించాలి. పథకం అంచనాలో ప్రయాణికుల కాలాన్ని ఇనుము, సిమెంటు పక్కనే ఒక పద్దుగా రాయాలి. గడువు దాటిన ప్రతి వారానికీ టికెట్టు కొన్నవాళ్లకు పరిహారం ఇవ్వాలి. బ్రాడ్‌గేజ్ విద్యుదీకరణ దాదాపు ముగిసిన మన దేశంలో ఇక మూడో లైను, నాలుగో లైను, స్టేషన్ల పునర్నిర్మాణం వరుసగా రానున్నాయి. వాటికీ బ్లాకులు, మూతలు తప్పవు. తేదీ ప్రకటించిన రోజునే ప్రయాణికుల సంఘాలు అధికారులను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సామగ్రి వచ్చిందా, డిజైను ఖాయమైందా? ఆ జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా మూతకు ఒప్పుకోవద్దు.