డగ్షాయి నుంచి టిరెల్స్‌పాస్‌కు

దేశాల చరిత్రను రాజధానుల నుంచి చదవడం మనకు అలవాటు. ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం అనగానే 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు, డబ్లిన్ ప్రధాన తపాలా కార్యాలయం గుర్తుకొస్తాయి. కానీ వెస్ట్‌మీత్ కౌంటీలోని టిరెల్స్‌పాస్ అనే చిన్న ఊళ్లో ఒక సమాధి ఉంది. దాని కథ వెతుకుతూ వెళితే పంజాబ్ చేరుకుంటాం. అది జేమ్స్ డేలీ సమాధి.

డేలీ బ్రిటిష్ సైన్యంలోని కన్నాట్ రేంజర్స్ సిపాయి. ఆ రెజిమెంటులో అధికభాగం ఐర్లండ్ పశ్చిమ ప్రాంతపు పేద కుటుంబాల యువకులు. పలువురు మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడినవారే. 1920లో వారి మొదటి పటాలం జలంధర్‌లో ఉండగా స్వదేశంలో గెరిల్లా యుద్ధం సాగుతోంది. దాన్ని అణచడానికి దిగిన ‘బ్లాక్ అండ్ టాన్స్’ బలగాల దౌర్జన్యాల వార్తలు ఇంటి ఉత్తరాల్లో బ్యారక్‌లకు చేరేవి. తమ ఊళ్లమీద తుపాకి ఎక్కుపెట్టిన ప్రభుత్వానికే తాము కాపలా కాస్తున్నామన్న స్పృహ వారిని నిలవనీయలేదు.

జూన్ 28న కొందరు సైనికులు ఇక విధులు నిర్వర్తించబోమని ప్రకటించారు. బజారులో కొన్న గుడ్డతో ఐరిష్ మువ్వన్నెల జెండా కుట్టి ఎగరేశారు. సంగతి తెలిసి, సోలన్‌లో ఉన్న కంపెనీ సైనికులు డేలీ నాయకత్వంలో తిరగబడ్డారు. జూలై 1 రాత్రి, అంతకుముందు తామే అప్పగించిన ఆయుధాలను తిరిగి తీసుకోబోగా కాల్పులు జరిగి స్మైత్, సియర్స్ అనే ఇద్దరు సైనికులు మరణించారు. సైనిక న్యాయస్థానం పలువురికి మరణశిక్ష విధించినా, అమలైంది డేలీకి మాత్రమే. నవంబర్ 2న డగ్షాయి జైలులో ఆయనను కాల్చి చంపారు.

జలంధర్ పేరు వినగానే మనకు మరో జ్ఞాపకం కదలాలి. 1919 ఏప్రిల్‌లో జనరల్ డయ్యర్ అమృత్‌సర్‌కు బయలుదేరింది అక్కడి నుంచే. ఆయన చిన్నప్పుడు చదివింది ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో. జలియన్‌వాలాబాగ్ కాల్పులను సమర్థించిన పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్ మైఖేల్ ఓడ్వయర్ టిప్పరరీ కౌంటీకి చెందిన ఐరిష్ కాథలిక్. సామ్రాజ్యానికి కొమ్ముకాసినవాడినీ, ఎదురుతిరిగినవాడినీ ఐర్లండ్ గ్రామసీమలే కన్నాయి.

జలంధర్ తిరుగుబాటును భారత స్వాతంత్ర్యం కోసం జరిగిన త్యాగంగా చిత్రించడం సులువు, కానీ న్యాయం కాదు. ఆ సైనికులు తిరగబడింది తమ దేశం కోసం. ఏడాది క్రితం పంజాబ్‌లో పారిన నెత్తురు వారిని ఆయుధాలు దించేలా చేయలేదు. ఈ మాట ఒప్పుకున్నంత మాత్రాన వారి సాహసం తగ్గిపోదు.

జ్ఞాపకం విషయంలో ఐర్లండ్ కూడా పక్షపాతం చూపింది. తిరుగుబాటు సైనికులకు 1936లో చట్టం చేసి పింఛన్లు ఇచ్చింది. ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన రెండు లక్షలకు పైగా ఐరిష్ సైనికుల ఊసు మాత్రం దశాబ్దాలపాటు ఎత్తలేదు. ఇద్దరూ ఒకే వీధి బిడ్డలు. ఒకోసారి ఒకే మనిషి.

డేలీ అవశేషాలు స్వదేశం చేరింది 1970లో. అప్పుడు మన రాష్ట్రపతి వి.వి. గిరి. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ, ఈస్టర్ తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ అధికారుల ఆదేశంతో ఐర్లండ్ వదలాల్సి వచ్చిన తెలుగువాడు ఆయన.

జాతీయ చరిత్ర వీరులను, ద్రోహులను వేరుచేసి చూపుతుంది. ఊరి చరిత్రకు ఆ సౌలభ్యం లేదు. ఎవరు ఏ యూనిఫాం వేసుకున్నారో, ఎప్పుడు విప్పారో దానికి తెలుసు. సామ్రాజ్యానికి లక్షలమంది సిపాయిలను అందించిన మన పల్లెల చరిత్రను ఆ కళ్లతో చదవడం మనమింకా మొదలుపెట్టాల్సే ఉంది.