మర్సియాలు రాసిన పాదుషా

ఇట్ల జరుగుండ్రి బిడ్డా, పొగ మీ దిక్కే వస్తున్నది. మన వెంగళరావు నగర్‌ల, పక్క కృష్ణానగర్‌ల కథలు రాసెటోళ్లకు కొదువ లేదు. గోల్కొండ పాదుషా మహమ్మద్ కులీ కుతుబ్‌షా అనంగనే వాళ్లందరు గూడ ఆయన ప్రేయసి అనే భాగమతి ముచ్చటే అడుగుతరు. ఆమె ఉన్నదా లేదా అని చరిత్ర సదివినోళ్లే ఇంక కొట్లాడుకుంటున్నరు. నేను చెప్పేది ఆయన కలం సంగతి.

1580ల గద్దెనెక్కిండు, అప్పటికి పదిహేనేండ్ల పోరడు. తండ్రి ఇబ్రహీం గద్దెకు ముందు ఏడేండ్లు విజయనగరంల తలదాచుకున్నోడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పొగిడిండ్రు. అద్దంకి గంగాధరుడు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చిండు. గసొంటి ఇంట్ల పెరిగినోడాయె! దర్బారుల ఫార్సీకే మర్యాద ఉన్న కాలంల కొడుకు బజార్ల మాట్లాడే దక్కనీల రాసిండు. దేవుని స్తుతి, ప్రవక్త మీద నాత్‌లు, అలీ మీద మన్‌ఖబత్‌లు, ఇంక మర్సియాలు. మర్సియా అంటే కర్బలా దుఃఖం. 680ల ఇమాం హుసేన్‌కు, ఆయన పిల్లాజెల్లకు ఏటి నీళ్లు అందనియ్యలే. దప్పికతోనే ప్రాణాలిచ్చిండ్రు. ఆ ఏడ్పు రాసిన చేతితోనే వసంతం మీద, మిరుగం వానల మీద గూడ రాసిండు. నాకైతే ఆయనల ఇదే నచ్చుతది.

చార్మినార్ కట్టింది 1591ల. హిజ్రీ లెక్కల వెయ్యో ఏడు మొదలైంది అప్పుడే, కర్బలా జరిగిన మొహర్రం నెలతోని. తర్వాత ఆ కర్బలా దుఃఖం తలుచుకునేటందుకు పత్తర్‌గట్టి పక్కన బాద్‌షాహీ అషూర్‌ఖానా కట్టిచ్చిండు. లోపలికి పోతే గోడల నిండ నీలం, పసుపు, ఆకుపచ్చ మెరుగు పెంకులు. మొహర్రంల ఎత్తే పీరీల ఆకారం పెంకుల్లనే పొదిగిండ్రు. 1908ల మూసీ పొంగి కింది పెంకులు కొట్టుకపోయినయ్. ఆ జాగల రంగులేసి సరిపెట్టిండ్రు. వంగి చూడుండ్రి, పైదానికి కిందిదానికి తేడా ఎవలకైనా తెలుస్తది.

మనూర్ల పీరీల పండుగకు గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడుతరు గదా, హుసేన్ మీద తెలుగుల పాటలు కడుతరు గదా, అదీ ఈ దుఃఖమే.

కులీ 1612ల కన్నుమూసిండు. కవిత్వమంతా కూడబెట్టింది అన్న కొడుకో తమ్ముని కొడుకో, అల్లుడు గూడ ఆయనే, సుల్తాన్ మహమ్మద్. మొత్తం అచ్చేసింది మాత్రం 1940ల, ఉర్దూ పండితుడు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాబ్. ఆయన పెట్టిన సంస్థ ఐవాన్-ఎ-ఉర్దూ భవనంల ఉన్నది, మనకు పంజాగుట్ట దిక్కే. గజళ్లకు లెక్క లేదు గని, మర్సియాలు కొన్నే దక్కినయ్.